గంధపు బిందె బరువు

ఉరుసు దగ్గరపడుతున్నదన్న సంగతి ధర్మపురిలో అందరికంటె ముందు చింతపండు మండీకి తెలిసేది. దర్గా గోడలకు సున్నం పడకముందే, పచ్చజెండా కర్రకు నూనె పూయకముందే, మండీ యజమాని రంగరాజు గొంతు తగ్గేది. ఏడాది పొడుగునా తూకం దగ్గర వాదులాడే మనిషి ఆ దినాలలో త్రాసుముల్లును రైతువైపే మొగ్గనిచ్చేవాడు. బండ్లవాళ్లను పేరుపెట్టి పిలిచి మజ్జిగ ఇప్పించేవాడు. కంబైనల్లూరు నుంచి బస్తాలు తెచ్చే రైతులకు ఈ మర్మం తెలుసు. గింజ ఎక్కువై, పేచీ రాగల సరుకును అంతవరకు అటకమీద దాచి, సరిగ్గా ఆ వారంలోనే మండీకి తోలుకొని వచ్చేవారు.

ఈ మెత్తదనానికంతటికీ కారణం గంధపు బిందె.

ఊరికి తూర్పున, నల్లరాతి గుండ్ల నడుమ ఉన్న దర్గాలో శయనించిన మహనీయుని అసలు పేరు ఫలకం మీద అరబ్బీ లిపిలో చెక్కి ఉన్నది. అది చదవగలిగినవారు కొందరే. ఊరంతా ఆయనను గంధం తాత అనే పిలిచేది. రంగరాజు పూర్వికులు ఎద్దులమీద సరుకు వేసుకొని తెలుగుసీమ నుంచి దిగివచ్చిన వర్తకులు. వారిలో ఒకడు, దారిపక్కన జ్వరంతో కాలిపోతున్న ఒక ఫకీరును చూచి, తన మూటలోని గంధపు చెక్కను అక్కడి రాతిమీదనే అరగదీసి ఆయన నొసట పట్టించినాడట. కన్ను తెరచిన ఫకీరు, "ఈ చల్లదనం ఏటేటా నాకు తెచ్చిపెట్టు. ఇందులో ఇంకేమీ కలపవద్దు" అన్నాడట. నాటి నుంచి ఉరుసుకు గంధం ఆ ఇంటి స్త్రీలే తీయవలె. ఆ ఇంటి పెద్ద దానిని ఇత్తడి బిందెలో తలకెత్తుకొని దర్గా దాకా నడవవలె. దర్గాను కనిపెట్టుకొని ఉండే ముజావరు దానిని సమాధికి పూయవలె. ఉరుసు ముగిసేలోగా బిందె గడప దాటకుంటే, గంధం తీసే సానరాళ్లను దర్గాకు అప్పగించి ఆ ఇల్లు తన వంతు వదులుకోవలె.

మోసేవాని మనస్సులో ఎవరిమీదనైనా కోపం ఉంటే ఆ బిందె బరువెక్కేది. లేకుంటే మల్లెల బుట్టవలె తేలికగా ఉండేది. పాలు కాగితే పొంగుతాయన్నట్లే ఊరు దీనిని కూడా ఎరిగి ఉన్నది. రంగరాజు తాత ఒకసారి నడివీధిలో బిందె దించి చతికిలబడి, పొలంగట్టు తగవు పడిన దాయాదిని పిలిపించి, ఆయన చేతి బెల్లం ముక్క తిని, లేచి పరుగువంటి నడకతో దర్గా చేరుకొన్నాడు. ఊరేగింపుకు దారి విడిపించే పోలీసులు కూడా, బిందె దిగితే చాలు, బస్సులను ఆపి, "ఎవరితో తగువు? తొందరగా పిలిపించండి" అని అడిగేవారు. అందువల్లనే ఉరుసుకు ముందరి వారమంతా రంగరాజు, ఎవరెవరితో మాటపట్టింపు ఉన్నదో తలచుకొని, వాళ్ల ఇళ్లకు పోయి భోజనం చేసి వచ్చేవాడు. ఆ వారంలో ఆయన ఇంట పొయ్యి వెలిగించవలసిన పని ఉండదని భార్య జయలక్ష్మమ్మ నవ్వేది.

అయినా కొన్నేళ్లుగా బిందె బరువెక్కుతూనే ఉన్నది. మొదటి ఏడు మెడ పట్టింది. మరుసటి ఏడు దారిలో దించవలసి వచ్చింది. ఆ పై ఏడు అడుగడుగునా దించి, చెమటలో తడిసి, దీపాలు పెట్టే వేళకు దర్గా గుమ్మంలో కూలబడినాడు. వర్తకుడు కావడంతో, బరువన్న మాట వినగానే అతనికి తోచిన ఉపాయాలు వర్తకుని ఉపాయాలే. గంధం తగ్గించినాడు. నిండు బిందె సగమైంది, సగం పావైంది, చివరకు అడుగున దోసెడు గంధమే మిగిలింది. బిందె బరువు మాత్రం పిసరంత తగ్గలేదు. ఆ మీదట ప్రతి ఉదయం మండీలో చింతపండు బస్తాలు నెత్తికెత్తుకొని గోడ నుంచి గోడకు నడవడం సాధన చేసినాడు. పక్కింటి జయరామన్ అరుగుమీద వక్కాకు నములుతూ ఆ వేడుక చూచేవాడు. జయరామన్‌కు పరిహాసమే తప్ప కోపమన్నది తెలియదని ఊరిలో పేరు.

"ఏం రాజు మామా, కూలోళ్ల పొట్ట కొడతా ఉండావు" అన్నాడు ఒకనాడు.

"నవ్వు, నవ్వు. నీ మెడ మీద ఉంటే తెలిసేది."

"మామా, బిందె బరువంతా మెడకు తెలిసేది కాదు. బొమ్మిడి దారిలో పోయి రా. దిగిపోతుంది."

రంగరాజు బస్తాను ధబాలున పడవేసి లోపలికి వెళ్లిపోయినాడు.

బొమ్మిడిలో ఉన్నది అతని చెల్లెలు గౌరమ్మ. సేలంలో టీచరు చదువు చదివే కాలంలో, రైలు పట్టాలు మరమ్మతు చేసే ముఠాలో పనిచేసే వేడియప్పన్‌ను వలచి, రిజిస్టరు ఆఫీసులో పెండ్లాడింది. వేడియప్పన్ తాతముత్తాతలు కంబైనల్లూరు చేలల్లో కూలి చేసుకొని బ్రతికినవారు. వారి ఇంట కూడా తెలుగే. బయట ఎల్లెడలా తమిళం మ్రోగే ఆ సీమలో రెండు ఇళ్లవారూ పిల్లలను జోకొట్టేది ఒకే భాషలో. వేరుగా ఉన్నవి వీధులు, నీళ్లు తాగే చెంబులు. పెండ్లి అయిన రెండేళ్లకు చంటిబిడ్డనెత్తుకొని గౌరమ్మ తల్లిని చూడడానికి వస్తే, రంగరాజు తలుపు మూసినాడు. ఆమె ఎండలో కొంతసేపు నిలిచి వెళ్లిపోయింది. బిందె బరువెక్కడం మొదలైనది ఆ ఏడే. ఎవరైనా ఆ మాట గుర్తు చేస్తే, "లేని చెల్లెలి మీద కోవం ఎట్లా ఉంటుంది?" అనేవాడు. నిజంగానే తనకు కోపం లేదని అతడు నమ్మినాడు. ఆమె పేరు తలచడం మానివేసినవాడు కోపం కూడా మానివేసినట్లే గదా అని అతని లెక్క.

ఎనభై ఆరు వేసవి. ఉరుసు గంధం తీయడం పూర్తయింది. పూర్వం ఆ ఇంట పక్కపక్కన రెండు సానరాళ్లు ఉండేవి. ఒకదాని ముందు తల్లి, రెండవదాని ముందు ఆడపడుచు కూర్చొని, పన్నీరు చిలకరించుకొంటూ, కబుర్లాడుకొంటూ గంధం తీయడం ఆచారం. గౌరమ్మ ఇల్లు విడిచినప్పటి నుంచి ఒక రాయి గోడకు ఆనించి ఉన్నది. తల్లి రంగనాయకమ్మ ఒక్కతే తీసేది. ఆమె పరమశాంతమూర్తి అని పేరు. వీధి కుక్కను కూడా గట్టిగా అదలించి ఎరుగదు. ఉదయం స్నానం చేసి తులసమ్మకు నీళ్లుపోసి, పెదవులు కదలుతూ ఉండగా గంధం తీస్తూ కూర్చుంటే, నామజపం చేస్తున్నదనుకొని చూచినవారు చేతులు జోడించేవారు.

మధ్యాహ్నపు ఎండ వాలగానే నగారా వాద్యం ఇంటి ముందుకు వచ్చింది. ముజావరు ప్యారేజాన్ సాహెబ్ పచ్చశాలువ కప్పుకొని, పొగలేచే లోబాను పాత్రతో గడపలో నిలిచినాడు. సాహెబుకు ఇంట ఉర్దూ, వీధిలో తమిళం. ఈ ఇంట మాత్రం, చిన్ననాటి నుంచి ఇక్కడి సంగటి తిన్న చొరవతో, తెలుగు మాట్లాడేవాడు. రంగరాజు తలపాగా చుట్టి, చుట్టకుదురు సర్దుకొని, మోకాళ్లు వంచి, బస్తా ఎత్తే ఒడుపుతో బిందె మెడ పట్టి లేపినాడు.

బిందె కదలలేదు.

మళ్లీ పట్టినాడు. మెడనరాలు ఉబికినవి. నేలలో పాతిన రాయివలె అది నిలిచి ఉన్నది. నగారా మ్రోత తడబడి ఆగిపోయింది. జనం ఒకరి ముఖం ఒకరు చూచుకొన్నారు. జయరామన్ నవ్వు ముఖంతో ముందుకు వచ్చి, తన మనసులో ఎవరిమీదా ఏమీ లేదు కాబట్టి తాను ఎత్తి మామ తలమీద పెడతానని వంగినాడు. పెట్టలేకపోయినాడు. అతని నవ్వు వాడిపోవడం ఊరు అదే మొదటిసారి చూచింది. చివరకు ప్యారేజాన్ సాహెబ్ లోబాను పాత్ర దించి, బిస్మిల్లా అని తానే చెయ్యి వేసినాడు. ఫలితం లేదు. ముజావరుకే లేవని బిందె!

సాహెబ్ ఇంటి మెట్టుమీద కూర్చొని గడ్డం నిమురుకొన్నాడు.

"రాజు, తాత ఏమన్నాడు? మోసేవానికి కోవం ఉండకూడదు అన్నాడా?"

"ఇందులో ఇంకేమీ కలపవద్దు అన్నాడు" అన్నాడు రంగరాజు.

"అదే. మోసేవాడు కలపడు గదా. కలిపేది ఎవరు?"

అందరి చూపులూ గడప దాటి లోపలికి, సానరాయి దగ్గరకు పోయినవి. అక్కడ రంగనాయకమ్మ తడిచేతులు ఒడిలో పెట్టుకొని కూర్చొని ఉన్నది.

"మీ తాత గట్టు తగువు..." అని గొణిగినాడు జయరామన్. "అది తాత తగువు కాదప్పా. అవ్వ తగువు. దాయాది బెల్లం పట్టుకొని వచ్చినప్పుడు అవ్వ గూడా తినిందని మా అమ్మ చెప్పేది."

రంగరాజు లోపలికి పోయి తల్లి ముందు నిలిచినాడు. ఆమెయే తల ఎత్తింది.

"నేనే కలిపినానురా" అన్నది. గొంతు ఎప్పటివలెనే మెత్తగా ఉన్నది. "ఆ పొద్దు అది బిడ్డనెత్తుకొని వాసల్లో, గడప ముందర నిలిచింది. అమ్మా అని పిలిచింది. నువ్వు తలుపు వేసినావు. నేను ఈ రాతి ముందరే ఉండినాను. ఆ పొద్దు నుంచి ఈ చెక్క పట్టినప్పుడంతా నిన్ను తిట్టుకుంటానే తీసినాను."

రంగరాజుకు తల్లి పెదవులు కదలిన ఉదయాలన్నీ ఒక్కసారి కళ్ల ముందు నిలిచినవి.

"ఒక్క మాట నోరు తెరిచి అనుంటే ఏమమ్మా?"

"నీ ఇంట్లో కూడు తింటా నిన్ను ఎట్లా అనేది? గంధానికి చెప్పుకున్నాను."

ఈ గంధం పనికిరాదు, కొత్తగా తీయవలె. తీసేటప్పుడు రెండవ రాయి ముందు ఎవరు ఉండవలెనో ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. ఆడపడుచును పిలవవలసినది అన్న. మరొకరిని పంపితే అది పిలుపు కాదు. ఉరుసు తప్పిపోతుందేమోనని ఎవరో భయపడితే సాహెబ్ లేచి శాలువ దులుపుకొన్నాడు. రేపు సాయంకాలం దాకా ఉరుసు ఉన్నదనీ, ఇన్ని తరాలుగా పడుకొని ఉన్న తాత ఇంకొక్క పూట పడుకోలేడా అనీ అంటూ, నగారావాళ్లను టీ తాగడానికి పంపినాడు.

మరునాటి తొలి బస్సులో రంగరాజు బొమ్మిడి చేరినాడు. స్టేషనుకు అవతల, పసుపురంగు వేసిన రైల్వే ఇళ్ల వరుసలో, గౌరమ్మ ముంగిట రాగులు చెరుగుతున్నది. బడికి వేసవి సెలవులు. పక్కన ఒక ఆడపిల్ల పలకమీద బొమ్మ దిద్దుతున్నది. గౌరమ్మ అన్నను చూచింది. చేట ఆగలేదు.

"అమ్మకు ఏమన్నా అయిందా?" అని అడిగింది.

"లేదు. బాగుండాది. నిన్ను పిలుస్తా ఉండాది." అతడు అంతటితో ఆగక, "బిందె లేవలేదు" అన్నాడు.

గౌరమ్మ నవ్వింది. ఆ నవ్వు పుల్లచింత వలె ఉన్నది. "అది చెప్పు. బిందె కోసరం వచ్చినావు."

"అమ్మ నా మీద కోవం పెట్టుకొని గంధం తీసింది గౌరా. ఇన్నేళ్లూ. నాకు తెలియదు."

చేట ఆగింది. ఆమె ముఖంలో ఏమి కదలిందో అతడు చూడలేకపోయినాడు, తల వంచుకొన్నాడు గనుక. తల్లి తనను మరచిందనే గౌరమ్మ ఇన్నాళ్లూ తలచింది.

అప్పుడే పట్టాలమీద పని ముగించుకొని వేడియప్పన్ వచ్చినాడు. చేతిలో సుత్తి, భుజంమీద చుట్టిన ఎర్రజెండా. వాకిట్లో మనిషిని గుర్తుపట్టి, ఒక్క క్షణం తెల్లబోయి, "రండి సామీ, కూర్చోండి" అని అరుగు తుడిచి, సుత్తి దించి, వడివడిగా వీధి మొగకు పోయినాడు. తిరిగి వచ్చినప్పుడు అతని చేతిలో గోలీసోడా సీసా ఉన్నది. అంగడి సీసాకు వీధి మైల అంటదు. పెద్దింటివారు తమ గడపకు వస్తే తన చెంబు ముందు పెట్టి వారిని ఇరుకున పెట్టకుండా, అంగడి నుంచి సోడా తెచ్చి ఇవ్వడం వేడియప్పన్ ఇంటి మర్యాద. అతని తండ్రి కూడా అట్లే చేసేవాడు.

రంగరాజు ఆ సీసాను అందుకొన్నాడు. చల్లగా చెమర్చి ఉన్నది. దానిని తెరవలేదు. ఆ ఆడపిల్లకు ఇచ్చినాడు.

"ఇంట్లో నీళ్లు లేవా?" అన్నాడు.

గౌరమ్మ లేచి లోపలికి పోయి, కడవలోని నీళ్లు చెంబుతో ముంచి తెచ్చింది. రంగరాజు చెంబును ఎత్తిపట్టకుండా, అంచుకు పెదవి ఆనించి, తుదిదాకా తాగినాడు. వేడియప్పన్ ముఖం పక్కకు తిప్పుకొని జెండాను మళ్లీ మళ్లీ చుట్టసాగినాడు.

"మేము ముగ్గురం వస్తాము" అన్నది గౌరమ్మ. "ముందర వాసల్లో నుంచి."

"అది నువ్వు చెప్పాల్నా?" అన్నాడు అన్న. తర్వాత ఆడపిల్ల వైపు చూచి పేరేమని అడిగినాడు.

"రంగనాయకి" అన్నది పిల్ల, సోడా గోలీ లోపలికి నొక్కుతూ.

మధ్యాహ్నానికి ఆ ఇంట చిరకాలానికి రెండవ రాయి గోడ దిగింది. జయలక్ష్మమ్మ దాని ధూళి కడిగి తల్లి రాయి పక్కన అమర్చింది. తల్లీ కూతుళ్లు వాటి ముందు కూర్చొన్నారు. గౌరమ్మ చెయ్యి అలవాటు తప్పి చెక్కను అడ్డంగా పట్టింది. "అట్లా కాదు, గుండ్రంగా తిప్పు. టీచరమ్మవంట" అన్నది రంగనాయకమ్మ, బిగ్గరగా. ఆమె గొంతు బిగ్గరగా వినిపించడం ఆ ఇంటికి కొత్త. తలుపు ముందు నిలిచిపోయిన ఆ దినాన్ని గురించి గౌరమ్మ అడగవలసినది అడిగింది. తల్లి చెప్పవలసినది చెప్పింది. నడుమ రంగరాజు వస్తే వాని ఎదుటనే వానిని తిట్టింది. ఆ తిట్లు గంధంలో పడలేదు, గాలిలో పోయినవి. అతడు పన్నీరు సీసా పట్టుకొని నిలుచుండి అన్నీ విన్నాడు. మనుమరాలు అమ్మమ్మ మోకాలిమీద గడ్డం ఆనించి గంధపు బిందువులను ముక్కుకు పూసుకొన్నది. తాతల నాటి చెక్క అరిగినకొద్దీ పరిమళం పెరటిదాకా, వీధిదాకా, జయరామన్ అరుగుదాకా పోయింది.

ఎండ వాలేసరికి బిందె నిండింది. దోసెడుతో సరిపెట్టిన బిందెలో ఇప్పుడు అంచుదాకా గంధం తళతళలాడుతున్నది. నగారా మళ్లీ మ్రోగింది. రంగరాజు పాత అలవాటు చొప్పున కాళ్లు ఎడం చేసి, పళ్లు బిగించి, ఒంటి బలమంతటితో బిందె మెడ పట్టి లాగినాడు.

అది పిచ్చుకవలె లేచింది. లాగిన బలానికి రంగరాజు వెనక్కు తూలినాడు. బిందె అంచు నుంచి దోసెడంత గంధం ఎగిరి, వెనుక గోడవార ఒదిగి నిలిచి ఉన్న వేడియప్పన్ నొసటిమీద, చెంపమీద పడింది.

సమాధికి తాకకముందు ఆ గంధం మరెవరినీ తాకకూడదని నియమం. వేడియప్పన్ తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తి, తుడుచుకోవచ్చునో లేదో తెలియక, అట్లే నిలిచిపోయినాడు. ప్యారేజాన్ సాహెబ్ దగ్గరకు పోయి ఆ నొసటిని నిదానంగా చూచినాడు.

"మొదటిసారి గూడా సమాధికి కాదు, మనిషి నొసటికే పూసినారు" అన్నాడు. "తుడవద్దు తంబీ. నడవండి, నడవండి, పొద్దు పోతా ఉండాది."

ఊరేగింపు కదిలింది. లోబాను పొగ ముందు, నగారా వెనుక. బస్సులను ఆపిన పోలీసు, బిందె ఎక్కడైనా దిగుతుందేమోనని అలవాటుగా చూచి, దిగకపోయేసరికి కొంచెం నిరాశపడినాడు. రంగనాయకమ్మ మనుమరాలి వేలు పట్టుకొని నడిచింది. ఆమె పక్కన గౌరమ్మ, తన వీధిలో తల ఎత్తుకొని. వీధి తిరిగేచోట, వేడియప్పన్ కులంవారు ఏటేటా దూరంగా గుంపుగా నిలిచి వేడుక చూచే వేపచెట్టు కింద, రంగరాజు ఆగినాడు. బరువుకు కాదు. బిందెను తలమీద నుంచి దించకుండానే వెనక్కు తిరిగినాడు.

"బావా" అన్నాడు. ఆ పిలుపు అతని నోట కొత్తది కనుక కొంచెం గట్టిగానే వచ్చింది. "ఇక్కడి నుంచి నువ్వు పట్టు."

వేడియప్పన్ తన తలపాగా విప్పి, చుట్టకుదురుగా మళ్లీ చుట్టుకొన్నాడు. పట్టాలు మోసిన మనిషి, కాళ్లు నేలలో నాటుకొని, రాబోయే బరువుకు మెడను సిద్ధం చేసుకొన్నాడు. రంగరాజు బిందెను అతని తలమీద ఉంచి చేతులు తీసివేసినాడు. నాలుగు అడుగులు నడిచిన తర్వాత వేడియప్పన్ కలవరపడి, బిందె అంచును చేతితో తడిమి చూచినాడు.

"బావా," అన్నాడు మెల్లగా, "ఇందులో గంధం ఉండాదా?"

"గంధమే ఉండాది" అన్నాడు రంగరాజు. "ఇంకేమీ లేదు."